కోడికి కొలిచిన చోటు

2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి పోలీస్ స్టేషన్‌లో ఒక పుంజు కొన్నాళ్ళు ఉంది. ఆ మండలంలోని లొత్తునూరులో దొంగచాటుగా పందెం పెట్టబోతుంటే, దాని కాలికి కట్టిన కత్తి పట్టుకున్న మనిషికే గజ్జల్లో దిగింది. దవాఖానకు చేరేలోపే నెత్తురు పోయి ఆయన చనిపోయాడు. పోలీసులు కేసు రాసుకుని పుంజును స్టేషన్‌కు తెచ్చారు, గింజలు వేశారు, నీళ్ళు పెట్టారు, తర్వాత ఒక కోళ్ళ ఫారానికి చేర్చారు. కోర్టు అడిగితే హాజరుపరుస్తామన్నారు. దేశదేశాల పత్రికలు ఆ వార్త వేశాయి. 2024 జనవరిలో కరీంనగర్‌లోనూ అలాంటిదే ఒకటి జరిగింది. వరంగల్ నుంచి వచ్చిన ఆర్టీసీ బస్సులో ఎవరో మరిచిపోయిన పుంజును డిపోలో ఉంచి, వేలం వేస్తామని నోటీసు అంటించారు. అదీ వార్తే అయింది.

పశువుల డాక్టరుగా నా కొలువంతా ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే గడిచింది. ఈ రెండు సంగతులూ విన్నప్పుడు నాకు తట్టింది ఒకటే. ఒంటరిగా కంటబడిన కోడికి మన సర్కారు కాగితం రాస్తుంది, తిండి పెడుతుంది, ఎవరికి అప్పజెప్పాలో ఆలోచిస్తుంది. అదే కోడి పదివేలల్లో ఒకటైతే దాని గురించి అడిగేవాళ్ళుండరు. గొల్లపల్లి పుంజుకు వర్తించే 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే రాజీవ్ రహదారి పొడవునా కనబడే షెడ్లలోని ప్రతి కోడికీ వర్తిస్తుంది. కానీ ఆ చట్టం పట్టుకుని షెడ్డు లోపలికి వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి మా దిక్కు లేరు. ఎందుకు లేరో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

కోళ్ళు ఇంటివిగా ఉన్నంత కాలం వాటి బాగోగులకు నియమం అవసరం రాలేదు. హుజూరాబాద్ దగ్గర మా ఊళ్ళో మా నాయనమ్మకు ఎప్పుడూ ఆరేడు పెట్టలుండేవి. పొద్దున గంప ఎత్తితే అవి పెంటకుప్ప మీదికి, గడ్డివాము కిందికి, పక్కింటి వాకిట్లోకి పోయేవి. మాపటికి వాటంతటవే గంప దగ్గరికి వచ్చేవి. పొదిగే పెట్టకు చీకటి మూల, బూడిద కలిపిన ఇసుక పోసిన తట్ట. గద్ద తన్నుకుపోవడం, పిల్లి పట్టడం, వడగళ్ళకు పిల్లలు చావడం ఎప్పుడూ ఉన్నవే. ఆ కోళ్ళకు కష్టాలు లేవని నేననను. వాటి కష్టంలో సర్కారు పాత్ర లేదంటాను, అంతే. నిజానికి నిజాం కాలంలో సర్కారుకు కోడితో ఉన్న సంబంధం ఒక్కటే. ఊరికొచ్చిన అధికారికి, దొరకు వెట్టి కింద కోడిని ఊరికే ఇవ్వాలి. మా నాయనమ్మ తరం వాళ్ళకు గిర్దావర్ వస్తున్నాడంటే మొదట గుర్తొచ్చేది గంపలోని పుంజే. స్వతంత్రం వచ్చాక, 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం మద్రాసు వైపు నుంచి మన తెలంగాణకూ విస్తరించింది. అది గుడి ఆవరణలో కోడి మెడ మీద కత్తి పడకూడదంది. పోచమ్మ గుడి ముందు అది ఎంతవరకు అమలయిందో బోనాలకు వెళ్ళిన వాళ్ళందరికీ తెలుసు.

అసలు చట్టం 1960లో వచ్చింది. దాని వెనక ఉన్నది భరతనాట్యానికి పేరుపొందిన రుక్మిణీదేవి అరుండేల్. రాజ్యసభకు నామినేట్ అయిన ఆమె జంతుహింసకు వ్యతిరేకంగా సొంతంగా బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇవ్వడంతో వెనక్కి తీసుకున్నారు. ఆ మాట 1960లో జంతుహింస నివారణ చట్టంగా నెరవేరింది. 1962లో మద్రాసులో జంతు సంక్షేమ మండలి ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆమే. ఈ చట్టం దృష్టిలో మనిషి కాని ప్రాణి ఏదైనా జంతువే, కోడి కూడా. పదకొండో సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. కదలడానికి తగినంత వీలు లేని ఎత్తు, పొడవు, వెడల్పు గల బోనులో ఏ జంతువునైనా ఉంచడం నేరమని దాని సారం. రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదువుకునే రోజుల్లో మేం ఈ వాక్యాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాం. తగినంత అంటే ఎన్ని అంగుళాలో ఆ వాక్యంలో లేదు. మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ అంకె ఇప్పటికీ అంతే ఉంది.

చట్టం వచ్చిన నాటికి మా జిల్లాల్లో బోనులో కోడి అన్నదే లేదు. ఫారాలు తర్వాత వచ్చాయి. మొదట తెల్ల లెగ్‌హార్న్ కోళ్ళు. రైతులు వాటిని ఊనుక పరిచిన నేల మీద, వందల్లో పెంచేవారు. ఐఆర్‌డీపీ (సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం) రుణాలు వచ్చిన రోజుల్లో చిన్న రైతులకు కోళ్ళ యూనిట్లు ఇప్పించడం మా శాఖ పనుల్లో ఒకటి. దాణా ధర పెరిగి, గుడ్డు ధర పడిపోయి, దళారి చెప్పిందే రేటయిన కాలం అది. హైదరాబాద్‌కు చెందిన బండ వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టారు. ఆయనే 1982లో దేశంలోని గుడ్ల రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని (నెక్) నిలబెట్టారు. అప్పటి నుంచి గుడ్డు ధర రైతు సంఘమే ప్రకటిస్తుంది. ఇవాళ్టికీ రైతులు ‘నెక్ రేటెంత?’ అని అడుగుతారు. తెలంగాణ రైతును దళారి చేతిలోంచి బయటికి లాగిన పని అది. దాని విలువ తగ్గించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ రైతు బతికి బట్టకట్టిన ఆ సంవత్సరాల్లోనే కోడి నేల మీద నుంచి తీగల మీదికి ఎక్కింది.

ఈ తీగల బోనులు, అంటే కేజీలు, ఎందుకొచ్చాయో రైతు పక్షాన కూడా చెప్పాలి. నేల మీద పెంచితే తేమకు రక్తపారుడు పట్టుకునేది. గుడ్లు రెట్టలో పడి మురికయ్యేవి. ఒక కోడి గుడ్డు పగలగొట్టి తినడం నేర్చిందంటే మిగతావన్నీ నేర్చేవి. కేజీలో రెట్ట కిందికి రాలుతుంది, గుడ్డు ముందుకు దొర్లుతుంది, ఒక మనిషి వేల కోళ్ళను చూసుకోవచ్చు. రోగాలు తగ్గాయి, అది నిజం. నాకు కేసులూ తగ్గాయి.

ఒక లేయర్ ఫారంలో కేజీని టేపుతో కొలిచాను. అడుగుభాగం పదిహేను అంగుళాలు, పన్నెండు అంగుళాలు. అందులో మూడు కోళ్ళు. ఒక్కోదానికి 60 చదరపు అంగుళాలు, అంటే 387 చదరపు సెంటీమీటర్లు. గుడ్డు దొర్లడానికి అడుగున తీగలు ముందుకు వాలుగా ఉన్నాయి, కాబట్టి కోడి బతికినంత కాలం వాలు మీదే నిలబడాలి. మూడోది ఎప్పుడూ మిగతా రెండింటి కింద ఉంది. దాణా తొట్టికి మెడ రాసుకుని రాసుకుని ఈకలు ఊడిపోయి తోలు ఎర్రగా తేలింది. ఒక పెట్టను బయటికి తీయబోతే రాలేదు. దాని గోరు పెరిగి తీగ చుట్టూ మెలిపడి ఉంది. గోరు కత్తిరించి తీస్తే, నేల మీద పెట్టగానే కూలబడింది. నడక మరిచిందనుకున్నాను. కాసేపటికి లేచి రెండు కాళ్ళతో మట్టి వెనక్కి చిమ్మింది. పుట్టాక దానికి మట్టి తగలడం అదే మొదటిసారి అయి ఉంటుంది. దుమ్ము చిమ్మడం దానికెవరూ నేర్పలేదు.

1989లో ఇంగ్లండ్‌లో డాకిన్స్, హార్డీ అనే ఇద్దరు పరిశోధకులు కోడికి ఏ పనికి ఎంత చోటు పడుతుందో పైనుంచి ఫొటోలు తీసి లెక్కగట్టారు. ఊరికే నిలబడటానికే సగటున 475 చదరపు సెంటీమీటర్లు. వెనక్కి తిరగడానికి 1,272. రెక్కలు టపటపా కొట్టుకోవడానికి 1,876. ఈ అంకెలు చదివినప్పుడు నాకు నా టేపు కొలత గుర్తొచ్చింది. నేను చూసిన కేజీలో కోడి వాటాకు వచ్చిన చోటు అది నిలబడటానికే చాలదు. పదకొండో సెక్షన్‌లో లేని అంగుళాలు కావాలంటే అవి ఎప్పటి నుంచో ఉన్నాయి. చట్టంలోకి తెచ్చినవాళ్ళే చాలా కాలం లేకపోయారు.

ముక్కు సంగతి కూడా చెప్పాలి. ఇరుకులో కోళ్ళు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి కాబట్టి పిల్లగా ఉన్నప్పుడే ఎర్రగా కాలిన బ్లేడుతో ముక్కు కొస కోస్తారు. ఎదిగే వయసులో అవసరమైతే మళ్ళీ కోస్తారు. ఆ కొస ఉత్త గోరు కాదు. అందులో నరాలున్నాయి, మనిషికి వేలికొన ఎలాంటిదో కోడికి అది అలాంటిది. 1960 చట్టం పశువుల కొమ్ములు తీయడానికి, విత్తులు కొట్టడానికి, ముకుతాడు వేయడానికి పద్ధతి ప్రకారమైతే మినహాయింపు ఇచ్చింది. ముక్కు కోయడం ఆ జాబితాలో లేదు. అయినా అది ఫారంలో టీకా వేసినంత మామూలు పని. లేయర్ హ్యాచరీలో గుడ్డు పెట్టలేని మగపిల్లలది ఇంకో కథ. పుట్టిన రోజే చాలావాటిని చంపేస్తారు. మిగిలిన కొన్నిటిని గులాబి, పచ్చ, పసుపు రంగుల్లో ముంచి గంపలకెత్తి ఊళ్ళ మీదికి, జాతరలకు తెచ్చి అమ్మేవారు. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకునే ఆ రంగు కోడిపిల్లల్లో వారం దాటి బతికినవి తక్కువ.

గుడ్ల కోళ్ళ పెద్ద ఫారాలు హైదరాబాద్ చుట్టుపక్కలే ఎక్కువ. మా కరీంనగర్, పెద్దపల్లి దిక్కు బ్రాయిలర్ షెడ్లు. వీటికి కేజీలు లేవు, ఊనుక మీదే పెంపకం. 1990ల తర్వాత ఈ పద్ధతి అంతా కంపెనీ ఒప్పందం కిందికి వచ్చింది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊనుక, మనిషి కష్టం రైతువి. కిలోకు ఇంతని పెంపకం కూలి. కోడి ఎంత తిని ఎంత బరువు తూగింది, ఎన్ని చచ్చాయి అన్న లెక్క మీద కూలి పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ షెడ్లలో కోడి చోటును నిర్ణయించింది చట్టం కాదు, ఎండ.

ఇది బయటివాళ్ళకు నమ్మశక్యంగా ఉండదు. మామూలుగా కోడికి ఒక చదరపు అడుగు ఇస్తారు. రెండు కిలోల కోడి అనుకుంటే చదరపు మీటరుకు ఇరవై రెండు కిలోలు కూడా రాదు. యూరప్‌లో 2007లో బ్రాయిలర్ కోళ్ళకు ప్రత్యేకంగా చేసిన నియమం చదరపు మీటరుకు 33 కిలోల దాకా ఉంచుకోవచ్చంటుంది, షరతులు పాటిస్తే అంతకంటే ఎక్కువకూ ఒప్పుకుంటుంది. అంటే ఒక్క చోటు లెక్కన చూస్తే రామగుండం పక్కన రేకుల షెడ్డులోని కోడికి యూరప్ కోడికన్నా వెసులుబాటే ఎక్కువ. అక్కడ ఫ్యాన్లు, మూసిన గోడలు ఉన్నాయి. ఇక్కడ ఇరుకుగా పోస్తే మే నెలలో ఒక్క మధ్యాహ్నానికి సగం బ్యాచి పోతుంది. మా రైతులు తూర్పు పడమరలుగా షెడ్డు వేసేది, వెడల్పు ముప్పై అడుగులు దాటనివ్వనిది, చూరు ముందుకు లాగేది, రేకుల మీద సున్నం కొట్టి గడ్డి కప్పేది ఎండ నేర్పిన పాఠంతోనే.

పెద్దపల్లి దగ్గర ఒక మే నెల మధ్యాహ్నం ఇంకా కళ్ళముందుంది. పొద్దున పది గంటలకే దాణా తొట్లు పైకెత్తేశారు, తిన్న కోడికి ఒళ్ళు వేడెక్కుతుందని. చుట్టూ తడి గోనె పట్టాలు. కరెంటు లేదు. షెడ్డంతా ఒకే చప్పుడు, వేల నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్న చప్పుడు. కోళ్ళు రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని, మెడ చాచి, కళ్ళు మూసుకుని ఉన్నాయి. రెండు రోజుల్లో లిఫ్టింగ్ (కోళ్ళను లారీకెక్కించడం), అంటే అన్నిటికన్నా బరువెక్కిన కోళ్ళు. రైతూ, ఆయన భార్యా బకెట్లతో నీళ్ళు చల్లుతూ వరసల మధ్య తిరుగుతున్నారు. పడుకున్న కోడిని లేపి నాలుగడుగులు నడిపిస్తే కాస్త గాలాడుతుందని ఆమె ఒక్కొక్కదాన్నీ చేత్తో నెడుతోంది.

‘గీ ఎండకు మనుషులే ఆగుతలేరు, కోడెట్ల ఆగుతది సారూ?’ అన్నాడాయన. ‘చచ్చిన కోడి పైసలు నా కూలిల్నే కొడ్తరు.’

నేను చెప్పిన మందు నీళ్ళల్లో కలిపారు. సాయంత్రానికి షెడ్డు వెనక గుంట నిండింది. ఆ రోజు అక్కడ కోడి మేలు కోరిన వాళ్ళు ఆ ఇద్దరే. వాళ్ళు నియమం చదివి నీళ్ళు చల్లలేదు. ఆ కోళ్ళు చస్తే వాళ్ళ ఇల్లు మునుగుతుంది. కంపెనీకి ఈ ఎండ లెక్కలో రాసిపెట్టుకున్న ఖర్చు, రైతుకు చేతిలోంచి పోయే డబ్బు. మన దేశంలో కోళ్ళ సంక్షేమ నియమం ఎవరి మీద రాయాలో చెప్పమంటే, ముందు కోడి యజమాని మీద రాయమంటాను. ఒప్పందపు పెంపకంలో యజమాని కంపెనీ. చట్టం మూడో సెక్షన్ మాత్రం జంతువు ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళదే బాధ్యత అంటుంది. ఆ మాట విని షెడ్డు కాపలాదారు మీద కేసు పెట్టడం తేలిక, అసలువాళ్ళను వదిలేయడం అంతకన్నా తేలిక.

ఆదిలాబాద్‌లో లెక్క వేరు. ఉట్నూరు ఏజెన్సీలో పనిచేసినప్పుడు గోండు గూడేల్లో నేను చూసిన కోళ్ళకు ఇప్పుడు సంక్షేమం అని మనం రాసుకునేవన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. రోజంతా ఆరుబయట తిరుగుతాయి, మట్టిలో పొర్లుతాయి, చెట్టెక్కి పడుకుంటాయి, పిల్లల్ని పొదిగి తిప్పుకుంటాయి. వాళ్ళ దేవుడు పెర్సా పేన్ పూజకు కోడి కావాలి, చుట్టం వస్తే కోడి కావాలి, అంగట్లో ఉప్పూ నూనే కావాలంటే కోడిని సంకలో పెట్టుకుపోతారు. కానీ ఎండాకాలం మొదట్లో కొక్కెర రోగం వచ్చిందంటే గూడెం గూడెమంతా కోడికూత లేకుండా పోయేది. మెడ మెలి తిరిగి, పచ్చగా పారుతూ రెండు మూడు రోజుల్లో చచ్చేవి. మనం సంక్షేమమని రాసుకునే మాటలకు ఒక మూలం ఉంది. 1965లో ఇంగ్లండ్‌లో బ్రాంబెల్ కమిటీ వేసిన పునాది మీద తర్వాత ఐదు స్వేచ్ఛలని రాసుకున్నారు. ఆకలి దప్పులు, అసౌకర్యం, నొప్పి రోగాలు, భయం లేకుండా బతకడం, తన సహజ ప్రవర్తన తనకు ఉండటం. 2014లో జల్లికట్టు కేసులో మన సుప్రీంకోర్టు కూడా వీటిని మన చట్టంలోని సెక్షన్లలోకే చదివింది. కేజీ కోడికి రోగం నుంచి స్వేచ్ఛ ఉంది, తక్కినవి కరువు. గూడెం కోడికి తక్కినవన్నీ ఉన్నాయి, రోగం నుంచి లేదు. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకం కోసమే తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు గిరిజన గూడేలకు కూడా వెళ్ళాయి. వాటికి గూడెంలో నిలబడే సత్తా ఉంది, అయితే అవి పొదగవు. నన్నడిగితే ఏజెన్సీలో కోళ్ళ సంక్షేమానికి అన్నిటికన్నా పెద్ద పని ఐస్ పెట్టెలో చెడిపోకుండా మాఘమాసంలోగా గూడేనికి చేరిన టీకా సీసా. దానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు, కావలసింది బండి, మనిషి.

నా ఉద్యోగంలో కోళ్ళ మీద గట్టిగా అమలైన నియమాలు చూశాను. 2006లో సరిహద్దు అవతల మహారాష్ట్ర నవాపూర్‌లో దేశంలోనే మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు మా శాఖ అంతా రోడ్ల మీదే ఉంది. 2015లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో వచ్చినప్పుడు లక్షకు పైగా కోళ్ళను చంపి పూడ్చారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ళ లారీలను వెనక్కి పంపారు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్ళ దాణాలో వాడొద్దని కేంద్రం 2019 జులైలో నిషేధించింది, మనుషుల చివరి మందు చెడిపోతుందని. వాసన, ఈగల గొడవతో కాలుష్య నియంత్రణ మండలి 5 వేల కోళ్ళు దాటిన ఫారానికి అనుమతి తప్పనిసరి చేసి, ఇళ్ళకు 500 మీటర్ల దూరం ఉండాలంది. ఈ మూడూ అవసరమైనవే, వాటిని నేను సమర్థిస్తాను. అయితే మూడింటిలోనూ కాపాడదలచింది మనిషిని. వాటిని అమలు చేయడానికి రాత్రికి రాత్రే చెక్‌పోస్టులు వచ్చాయి, ఫైళ్ళు కదిలాయి. అంటే చేతకాక కాదు.

కోడి కోసమే రాసిన నియమం ఒకటి మన దగ్గర 2001 నుంచి ఉంది. అది జంతువుల రవాణా నిబంధనల్లో కోళ్ళకు కేటాయించిన అధ్యాయం. రోడ్డు మీద తీసుకుపోయే కోళ్ళ డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. వెలుతురు, గాలి అందేలా, వానా ఎండా చలీ తగలకుండా కప్పాలి. ఒక్కో డబ్బాలో పెద్ద కోళ్ళు ఇన్నే ఉండాలని లెక్క కూడా ఉంది. రాత్రి రెండు గంటలకు ఏ షెడ్డు దగ్గరికైనా వెళ్ళి లిఫ్టింగ్ చూడండి. చేతికి నాలుగైదు కోళ్ళను కాళ్ళు పట్టి తలకిందులుగా తెచ్చి జాలీల్లో కుక్కుతారు. ఆ జాలీలను లారీ మీద మనిషి ఎత్తుకు రెండింతలు పేరుస్తారు. పైవాటి రెట్ట కిందివాటి మీద. తెల్లారేసరికి అదే లారీ రాజీవ్ రహదారి మీద టోల్ కట్టి, పోలీసుల ముందు నుంచి పోతుంది. 2001లోనే ప్రతి జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఉండాలని కూడా నిబంధన చేశారు. ఆ సంఘానికి లారీని ఆపించే అధికారం ఉంటుంది. మా జిల్లాల్లో ఎడ్లబండికి ఎక్కువ బరువేస్తే అడిగినవాళ్ళను చూశాను. కోళ్ళ లారీని ఆపినవాళ్ళను చూడలేదు.

కేజీ కొలత సంగతి చట్టం దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 2011లో జంతు సంక్షేమ మండలి, గుడ్లు తగ్గిన కోళ్ళను రోజుల తరబడి ఆకలితో మాడ్చి ఈక రాల్పించి మళ్ళీ గుడ్లకు తెచ్చే పద్ధతిని మానమంది. 2012లో అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసి, బ్యాటరీ కేజీలు పదకొండో సెక్షన్‌కు విరుద్ధమని చెప్పింది. అదే ఏడాది జనవరి 1న యూరప్ దేశాల్లో ఉత్త తీగల కేజీల మీద నిషేధం అమల్లోకి వచ్చింది. ఆ నిర్ణయం 1999లోనే తీసుకుని, రైతుకు పన్నెండేళ్ళు టైమిచ్చారు. మన లా కమిషన్ జస్టిస్ బి.ఎస్. చౌహాన్ అధ్యక్షతన 2017 జులైలో ఇచ్చిన 269వ నివేదిక పూర్తిగా కోళ్ళ గురించే. గుడ్ల కోళ్ళకు ఒకటి, బ్రాయిలర్లకు ఒకటి, రెండు ముసాయిదా నిబంధనలు రాసి ఇచ్చింది. 2019లో కేంద్రం గుడ్ల కోళ్ళకు ముసాయిదా ప్రకటించింది. అందులో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు. 2023లో వచ్చిన గుడ్ల కోళ్ళ నిబంధనల్లోనూ ఆ అంకే నిలిచింది. పాత ఫారాలకు మార్చుకోవడానికి గడువిచ్చారు. 550 అంటే మనం రాసుకునే ఏ4 కాగితం కన్నా తక్కువే. యూరప్ వదిలేసిన కేజీలోని అంకె కూడా అదే. అయినా నేను దాన్ని తక్కువ చేయను. 1960లో తగినంత అని వదిలేసిన చోట మొదటిసారి ఒక అంకె పడింది. టేపు పట్టుకుని వెళ్ళిన డాక్టరు ఇక రైతుతో, కంపెనీతో వాదించాల్సిన పని లేదు, చూపిస్తే చాలు. బ్రాయిలర్ల మీద మాత్రం లా కమిషన్ రాసిచ్చిన రెండో ముసాయిదా అలాగే పడి ఉంది. మా కరీంనగర్‌కు కావలసింది అదే.

చూపించేది ఎవరికి, దాని ఖర్చెవరిది అన్నదే ఇప్పుడు తేలాలి. లెక్క చేసి చూడండి. 387 నుంచి 550కి పోతే, ఇవాళ పదివేల కోళ్ళు పట్టే షెడ్డులో ఏడు వేల చిల్లర మాత్రమే పడతాయి. మూడు వేల కోళ్ళు తగ్గిన రైతుకు బ్యాంకు కిస్తీ తగ్గదు. మన రాష్ట్రంలో గుడ్లు కొనేవాళ్ళలో పెద్దది సర్కారే. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజుకో గుడ్డు, బళ్ళలో మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు, హాస్టళ్ళలో వేరే. ఆ కొనుగోళ్ళ టెండర్లలో గుడ్డు ఇన్ని గ్రాములుండాలని, పగలకూడదని, తాజాగా ఉండాలని షరతులున్నాయి. అందులోనే ఇంకో షరతు చేర్చవచ్చు. గుడ్డు వచ్చిన ఫారంలో కోడికి 550 చదరపు సెంటీమీటర్లు ఉండాలి, ఆ మాటకు మండల పశువైద్యాధికారి కొలిచి సంతకం పెట్టాలి. దానికి గుడ్డు మీద కొన్ని పైసలు ఎక్కువ కట్టాలి. ఆ పైసలు రైతుకు ముడితే గడువు కోసం ఎదురుచూడకుండానే కేజీలు మారతాయి. ముట్టకపోతే మూడు వేల కోళ్ళ నష్టం తన నెత్తిన పడనీయకుండా రైతు చేయగలిగిందంతా చేస్తాడు. ఆ నష్టం ఎవరు మోయాలో సర్కారు టెండర్ కాగితంలో రాసేదాకా టేపు పట్టుకుని షెడ్డుకు వెళ్ళమని నేను ఏ కుర్ర డాక్టరుకూ చెప్పలేను.